జోగ్, శివనసముద్రం, హొగెనక్కల్: సీమ నుంచి కుటుంబంతో వెళ్లేవారికి ఏది తగినది, ఏ నెలలో తగినది

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల నుంచి కుటుంబంతో ఒక పెద్ద జలపాతం చూసి రావాలనుకునేవారి మాటల్లో సాధారణంగా మూడు పేర్లు వినిపిస్తాయి. ఒకటి కర్ణాటకలో శివమొగ్గ జిల్లాలోని జోగ్, రెండవది అదే రాష్ట్రంలో మండ్య, చామరాజనగర్ జిల్లాల మధ్య ఉన్న శివనసముద్రం, మూడవది తమిళనాడులో ధర్మపురి జిల్లాలోని హొగెనక్కల్. వీటిలో గొప్పది ఏదని అడిగితే దాదాపు అందరూ జోగ్ అనే చెబుతారు; ఎత్తులోనూ పేరులోనూ అది నిజమే. అయితే కుటుంబ ప్రయాణానికి ముందుగా అడగవలసిన ప్రశ్న అది కాదు. ఇంటిల్లిపాదికీ ఒకేసారి సెలవు దొరికేది ఏ నెలలో, బయలుదేరేవారిలో అందరికన్నా పెద్దవారికి ఎంత నడక సాధ్యం, పిల్లలు నీటిని చూసి తృప్తి పడతారా లేక నీటిలో దిగితే తప్ప ఊరుకోరా అన్న సంగతులు ముందు తేల్చుకుంటే, ఏ ఊరికి వెళ్లాలో ఆ తరువాత పెద్దగా తర్జనభర్జన అవసరం ఉండదు. వేసవి సెలవుల్లో పిల్లలను వెంటబెట్టుకుని రోజంతా ప్రయాణం చేసి జోగ్ చేరి, కొండ మీద జారుతున్న సన్నని ధారలను చూసి చిన్నబుచ్చుకుని తిరిగి వచ్చిన కుటుంబాలు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. వారి ఎంపిక తప్పు కాదు, వెళ్లిన నెల తప్పు.

నెలకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, ఈ మూడు జలపాతాలూ ఆనకట్టలకు దిగువన ఉన్నవే. జోగ్‌కు ఎగువన శరావతి నది మీద 1964లో కట్టిన లింగనమక్కి జలాశయం ఉంది. శివనసముద్రం, హొగెనక్కల్ రెండూ కావేరి మీదివి. ఆ రెండింటికీ నీరు రావాలంటే ఎగువనున్న కృష్ణరాజసాగరం, కబిని జలాశయాల నుంచి వదలాలి. అందుచేత మీ ఊళ్లో వాన పడిందా లేదా అన్నదానితో నిమిత్తం లేదు, అక్కడ వాన పడినా ఒక్కోసారి ప్రయోజనం ఉండదు. జలాశయం నిండి గేట్లు ఎత్తారా లేదా అన్నదే లెక్క. తుంగభద్ర డ్యాం మట్టం పత్రికలో చూసి హెచ్చెల్సీకి (తుంగభద్ర ఎగువ కాలువకు) నీళ్లు ఎప్పుడు వదులుతారో అంచనా వేసే అలవాటు మన రైతు కుటుంబాలకు ఎలాగూ ఉంది, అదే అలవాటు ఇక్కడా పనికొస్తుంది. లింగనమక్కి పూర్తి మట్టం 1819 అడుగులు, కృష్ణరాజసాగరం పూర్తి మట్టం 124.80 అడుగులు. ఈ రెండు అంకెలు గుర్తు పెట్టుకుని, వానాకాలంలో వచ్చే వార్తలను గమనిస్తూ ఉంటే, ప్రయాణం ఎప్పుడు పెట్టుకోవాలో ఇంట్లో కూర్చునే నిర్ణయించుకోవచ్చు.

జోగ్: చూడటానికే వెళ్లవలసిన చోటు

శరావతి ఇక్కడ 253 మీటర్ల లోతుకు, అంటే 830 అడుగుల కిందికి, నాలుగు పాయలుగా దూకుతుంది. రాజా అనే పాయ ఎక్కడా కొండను తాకకుండా నిలువునా పడుతుంది. రోరర్ పెద్ద చప్పుడుతో బండల మధ్య నుంచి వస్తుంది. రాకెట్ చిమ్మినట్టు ముందుకు ఎగిరి పడుతుంది. రాణి రాతి మీదుగా నెమ్మదిగా పరుచుకుని దిగుతుంది. గేట్లు ఎత్తినప్పుడు ఈ నాలుగింటి తేడా పోయి కొండ కొస అంతా ఒకే తెల్లని గోడగా మారుతుంది. నిజానికి కుటుంబంతో వెళ్లేవారికి నాలుగు పాయలూ విడివిడిగా కనబడే మధ్యస్థ ప్రవాహమే ఎక్కువ అందంగా ఉంటుందని నా అభిప్రాయం. ఉద్ధృతి మరీ ఎక్కువైనప్పుడు తుంపరా పొగమంచూ కలిసి జలపాతాన్ని పూర్తిగా కప్పేస్తాయి.

జూన్‌లో మలెనాడులో, అంటే జోగ్ చుట్టూ ఉన్న కొండసీమలో, వానలు మొదలైనా, అప్పటికి లింగనమక్కి ఖాళీగా ఉంటుంది కాబట్టి ఆ నీరంతా ముందు జలాశయంలోకే పోతుంది. అయినా జూలైలో జోగ్ ఎండిపోయి ఉండదు, ఆనకట్టకు దిగువన కురిసిన వాన కూడా ఆ లోయలోకే వస్తుంది. జలాశయం నిండే సంవత్సరాల్లో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గేట్లు ఎత్తే అవకాశం ఎక్కువ. అక్టోబరులో వాన తగ్గి ఆకాశం తేటపడుతుంది, కొండలు పచ్చగా ఉంటాయి, నీరు ఇంకా ఉంటుంది. జనవరి దాటాక మాత్రం ధారలు సన్నబడతాయి, ఏప్రిల్, మే నెలల్లో జోగ్‌కు వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

పెద్దవారికి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. శివమొగ్గ జిల్లా వైపున ఉన్న ప్రధాన వీక్షణ స్థలానికి వాహనం దగ్గరగా వెళ్తుంది, కొద్ది దూరం నడిస్తే జలపాతం ఎదురుగా మొత్తం కనబడుతుంది. మోకాళ్ల నొప్పులు ఉన్న అవ్వాతాతలు అక్కడే కూర్చుని తృప్తిగా చూడవచ్చు. కిందికి దిగే మెట్లు దాదాపు 1400 ఉన్నాయి. దిగడం సులభమే గాని ఎక్కేటప్పుడు ఊపిరి అందదు, వానాకాలంలో అవి పాకుడు పట్టి జారుతాయి, ప్రవాహం ఎక్కువగా ఉన్నప్పుడు దిగనివ్వరు కూడా. చిన్నపిల్లలు, పెద్దవారు ఉన్న కుటుంబం ఆ మెట్ల జోలికి పోకపోవడమే మంచిది. పొగమంచు కమ్మినప్పుడు చాలామంది విసుగెత్తి వెనుదిరుగుతారు, అలా చేయకండి. తెర అర్ధగంట పాటు కదలకపోవచ్చు, ఆ తరువాత ఒక్క గాలి విసురుకు తొలగిపోయి, రెండు నిమిషాల పాటు లోయ అడుగు దాకా కనబడి, మళ్లీ మూసుకోవచ్చు. అందుకే జోగ్‌కు ఒక సాయంత్రం, మరునాటి ఉదయం రెండూ కేటాయించాలి. జలపాతం దగ్గరే కర్ణాటక పర్యాటక సంస్థ వారి మయూర గేరుసొప్ప హోటల్ ఉంది. అక్కడ గది దొరకకపోతే సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని సాగర పట్టణంలో బస చేయవచ్చు.

అనంతపురం నుంచి కళ్యాణదుర్గం, చళ్లకెరె, చిత్రదుర్గం, శివమొగ్గ, సాగర మీదుగా జోగ్‌కు సుమారు 350 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరితే చిత్రదుర్గంలో కోట చూసి, భోజనం చేసి, చీకటి పడకముందే చేరుకోవచ్చు. శివమొగ్గ దాటాక దారి అడవుల మధ్య మలుపులతో సాగుతుంది, వానలో ఆ చివరి భాగానికి అనుకున్నదానికన్నా ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి రాత్రి పూట పెట్టుకోవద్దు. కర్నూలు వారికి బళ్లారి, హొసపేటె మీదుగా 400 కిలోమీటర్లు దాటుతుంది. ఒకే రోజులో పూర్తి చేయాలని పట్టుబట్టకుండా హొసపేటెలో రాత్రి ఆగితే హంపి, తుంగభద్ర డ్యాం కూడా అదే ప్రయాణంలో కలుస్తాయి. డ్యాం గేట్లు తెరిచి ఉన్న ఆగస్టు రోజుల్లో ఈ దారిన వెళ్లినవారికి జోగ్ కన్నా ముందే ఒక నీటి వేడుక చూసినట్టవుతుంది. కడప వారికి మూడింటిలో ఇదే దూరం ఎక్కువ, రాకపోకలకే రెండు రోజులు పోతాయి కాబట్టి కనీసం నాలుగు రోజుల సెలవు ఉంటే తప్ప ఆలోచించకూడదు.

రైలు మీద వెళ్లదలచినవారు బెంగళూరులో మారి తాళగుప్పకు వెళ్లే రైలు ఎక్కవచ్చు. తాళగుప్ప ఆ మార్గానికి చివరి స్టేషన్, అక్కడి నుంచి జోగ్ దగ్గరే. సాగర పరిసరాల్లో ఇక్కేరిలోని అఘోరేశ్వర ఆలయం, కెళది నాయకుల కెళది, వరదహళ్లిలోని శ్రీధర స్వామి ఆశ్రమం, శరావతి నిల్వనీటికి ఆవలి ఒడ్డున సిగందూరు చౌడేశ్వరి అమ్మవారి గుడి ఉన్నాయి. దైవదర్శనం లేకుండా ప్రయాణం పూర్తికాదనుకునే పెద్దవారు ఇంట్లో ఉంటే ఈ సంగతి జోగ్ పక్షాన గట్టిగా నిలుస్తుంది.

శివనసముద్రం: మైసూరుతో కలిపితేనే

కావేరి ఇక్కడ రెండుగా చీలి ఒక దీవిని చుట్టుకుంటుంది. ఒక పాయ గగనచుక్కిగా, మరొకటి భరచుక్కిగా దూకుతాయి. రెండింటికీ వేర్వేరు వీక్షణ స్థలాలు ఉన్నాయి, ఒకదాని నుంచి మరొకదానికి వాహనంలో చుట్టు తిరిగి వెళ్లాలి. జూలై నుంచి అక్టోబరు దాకా కృష్ణరాజసాగరం, కబిని గేట్లు తెరిచి ఉన్న రోజుల్లో ఈ చోటు అద్భుతంగా ఉంటుంది. మిగిలిన కాలంలో విద్యుత్ కేంద్రానికి మళ్లించగా మిగిలిన నీరే జలపాతానికి వస్తుంది. 1902లో ఇక్కడ మొదలైన జలవిద్యుత్ కేంద్రమే సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని కోలారు బంగారు గనులకు కరెంటు పంపింది. హైస్కూలు పిల్లలు వెంట ఉంటే ఈ ముక్క తప్పక చెప్పండి. కింద కనబడే ఆ పాత కట్టడాన్ని చూసే చూపే మారుతుంది.

ఇక్కడ నీటిలో దిగే ఆలోచన పెట్టుకోవద్దు. పైకి నెమ్మదిగా కనబడే చోట్ల కూడా బండల మధ్య లోతైన గుంటలూ సుడులూ ఉంటాయి, ఎగువ నుంచి నీరు వదిలితే మట్టం చూస్తుండగానే పెరుగుతుంది. ఒడ్డున కోతుల బెడద ఉంది కాబట్టి పులిహోర డబ్బా విప్పేది వాహనంలోనే అయితే మేలు.

శివనసముద్రం ఒక్కదాని కోసమే సీమ నుంచి వెళ్లి రావడం సమంజసం కాదు, ఒక పూటలో చూడటం అయిపోతుంది. మైసూరు, శ్రీరంగపట్నం, హొయసల శిల్పకళ చూడటానికి సోమనాథపురం, ఇసుక మేటల మధ్య గుళ్లున్న తలకాడు, వీటితో కలిపి మూడు రోజుల ప్రయాణంగా వేసుకుంటే మాత్రం ఇంత నిండైన యాత్ర మరొకటి దొరకదు. కావేరి మీది రంగనాథ క్షేత్రాల్లో శ్రీరంగపట్నం ఆదిరంగం (మొదటిది), శివనసముద్రంలోని రంగనాథుడి గుడి మధ్యరంగం (నడిమిది). వైష్ణవ కుటుంబాల వారికి ఈ రెండు దర్శనాలూ కలిసి వస్తాయి. కర్నూలు, అనంతపురం వారికి కాచిగూడ నుంచి మైసూరు వెళ్లే రైలు ఉంది. రాత్రి పడుకుని మైసూరు చేరి, అక్కడ రోజు లెక్కన కారు మాట్లాడుకుంటే బెంగళూరు ట్రాఫిక్‌తో పని ఉండదు, ఇంటి పెద్దకు స్టీరింగ్ పట్టుకునే శ్రమ కూడా తప్పుతుంది. సొంత కారులో వెళ్లేవారు బెంగళూరును తెల్లవారకముందే దాటి కనకపుర, మళవళ్లి దారి పట్టాలి.

హొగెనక్కల్: నీటిని తాకాలనుకునేవారికి

ఎత్తు చూసి పోల్చేవారికి హొగెనక్కల్ చిన్నదిగానే అనిపిస్తుంది. కావేరి ఇక్కడ ఒక్క చోట దూకదు. నల్లని బండల మధ్య ఎన్నో చీలికలుగా విడిపోయి, పదుల చోట్ల పడి, ఇరుకైన లోయలో మళ్లీ ఒకటై మేట్టూరు జలాశయం వైపు వెళ్తుంది. మిగతా రెండు చోట్లా జలపాతాన్ని దూరం నుంచి చూడటమే, ఇక్కడ మాత్రం దాని పాదాల దాకా పుట్టిలో వెళ్లవచ్చు. తుంగభద్ర, కృష్ణ ఒడ్డు ఊళ్లవారికి పుట్టి కొత్త కాదు. వెదురు బద్దలతో అల్లి, అడుగున నీరు చొరకుండా పట్టా బిగించిన ఆ గుండ్రని పడవలో ఒకే తెడ్డుతో మనిషి నడుపుతాడు. ఎక్కేటప్పుడు అంచు మీద కాలు పెట్టకుండా నేరుగా నడిమధ్యన అడుగు వేయాలి, బరువైనవారు ఎదురెదురుగా కూర్చోవాలి, ఫొటో కోసం ఎవరూ లేచి నిలబడకూడదు. లోయలోకి వెళ్లాక ఇరువైపులా రాతి గోడలు లేస్తాయి, పైనుంచి తుంపర ముఖాన పడుతుంది. పదేళ్ల పిల్లలకు ఇంతకన్నా పెద్ద ఆనందం నేను చూడలేదు.

లైఫ్ జాకెట్ లేకుండా పుట్టి ఎక్కవద్దు, పిల్లల కొలతకు సరిపోయేది దొరికేదాకా ఆగండి. టికెట్ కౌంటర్ దగ్గర రాసి ఉన్న రేటు, ఒక్కో పుట్టిలో ఎందరిని ఎక్కించాలన్న పరిమితి ముందే చూసుకోండి. ‘ఇంకొకరు సర్దుకోవచ్చు’ అన్న మాటకు ఒప్పుకోవద్దు, అవసరమైతే రెండు పుట్టీలు మాట్లాడుకోండి. పుట్టి తిరగబడి ప్రాణాలు పోయిన సంఘటనలు ఇక్కడ జరిగాయి.

ఒడ్డున నూనె మర్దన చేసేవారు ఉంటారు. మర్దన తరువాత స్నానానికి కేటాయించిన చోట నీటి కింద నిలబడటం ఇక్కడి అలవాటు, మా ఇంటి పెద్దవారికి పుట్టి కన్నా అదే ఎక్కువ నచ్చింది. చేపలు అక్కడికక్కడే మసాలా పట్టించి వేయించి ఇస్తారు. శాకాహారులకు ఇడ్లీ, దోసె, సాంబారన్నం దొరుకుతాయి. ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాల్లో తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉన్నందున భాషతో ఇబ్బంది పెద్దగా ఉండదు.

ఇక్కడ జాగ్రత్తగా గమనించవలసిన విషయం ఒకటుంది. శివనసముద్రాన్ని అందంగా చేసే వరద నీరే కిందికి వచ్చి హొగెనక్కల్‌లో పుట్టీలను ఆపేస్తుంది. కర్ణాటక నుంచి వచ్చే ప్రవాహాన్ని సరిహద్దులోని బిలిగుండ్లు దగ్గర క్యూసెక్కులలో కొలుస్తారు, అది పెరిగితే అధికారులు పుట్టీలనూ స్నానాలనూ నిషేధిస్తారు. జూలై, ఆగస్టు నెలల్లో ఈ నిషేధం తరచుగా వస్తుంది. అప్పుడు వెళ్లినవారు ఎర్రని వరదను దూరం నుంచి చూసి రావలసిందే, అలా చూడటానికైతే మిగతా రెండు చోట్లే మేలు. ఆగస్టు మొదటి వారంలో తమిళులు జరుపుకునే ఆడి పదునెట్టు పండుగకు కావేరి ఒడ్డున విపరీతమైన జనం ఉంటారు, ఆ రోజులూ తప్పించాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ప్రవాహం అదుపులో ఉంటుంది, ఎండ తగలదు. వేసవిలో నీరు తగ్గినా మడుగులు ఉంటాయి, పుట్టీలు నడుస్తాయి.

కడప వారికి ఇదే అన్నింటికన్నా అనుకూలం. రాయచోటి, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరి చేరి, ధర్మపురి నుంచి మరో 46 కిలోమీటర్లు వెళ్తే చాలు, బెంగళూరు జోలికే పోనక్కరలేదు. అనంతపురం, కర్నూలు వారు బెంగళూరు, హొసూరు మీదుగా వెళ్లాలి. హొసూరు నుంచి అంచెట్టి మీదుగా ఒక దగ్గరి దారి ఉంది గాని అది అడవి దారి, ఏనుగులు తిరిగే ప్రాంతం. పగలు మాత్రమే వెళ్లండి, డ్రైవరుకు ఘాట్ అలవాటు లేకపోతే కృష్ణగిరి, ధర్మపురి మీదుగా హైవేలోనే పోవడం మంచిది.

సెలవులను బట్టి

దసరా సెలవులు దొరికితే అనంతపురం, కర్నూలు కుటుంబాలకు నా ఓటు జోగ్‌కే. ఆ ఏడాది లింగనమక్కి నిండలేదని వార్తలు చెబితే అప్పుడు శివనసముద్రం వైపు మళ్లవచ్చు, అయితే మైసూరు దసరా ఉత్సవాల రోజుల్లో అక్కడ గదులు దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతుంది. పండుగ అయిన వారం తరువాత వెళ్లగలిగితే అదే ప్రయాణం సగం శ్రమతో జరుగుతుంది. సంక్రాంతి సెలవులకు మూడు జిల్లాల వారికీ హొగెనక్కలే సరైనది. వేసవిలోనూ అదే, కాకపోతే ఎండ మన ఊళ్లకేమీ తీసిపోదు కాబట్టి ఉదయం పది లోపల నీటి దగ్గర ఉండి, మధ్యాహ్నం గదిలో గడపాలి. ఆగస్టు పదిహేను చుట్టూ శనాదివారాలు కలిసి వచ్చినప్పుడు శివనసముద్రం, మైసూరు బాగుంటాయి.

డెబ్బై దాటినవారు, పాలు తాగే పసిబిడ్డ ఇద్దరూ ఉన్న కుటుంబానికి పుట్టి ప్రయాణం తగదు. అటువంటివారు రైలులో మైసూరు వెళ్లి శివనసముద్రం చూడటమే క్షేమం, ఎందుకంటే కడుపు నిండా చూడటానికి నడక తక్కువ, అవసరం పడితే ఆసుపత్రులున్న పెద్ద ఊరు దగ్గర. జోగ్‌లో వానా చలీ పసిబిడ్డలను ఇబ్బంది పెడతాయి, గొడుగులతో పాటు స్వెట్టర్లు, మార్చుకోవడానికి రెండు జతల బట్టలు, జలగలు పట్టకుండా ఉప్పు పొట్లం అవసరమవుతాయి.

అద్దె వాహనంలో వెళ్లేవారు బేరం కుదిరే ముందే ఒక మాట అడగాలి: ఆ బండికి ఆలిండియా టూరిస్టు పర్మిట్ ఉందా? లేకపోతే పొరుగు రాష్ట్రంలోకి అడుగుపెట్టే ముందు తాత్కాలిక పర్మిట్ తీసుకుని అక్కడి పన్ను కట్టాలి, ఆ ఖర్చు ఎవరిదో ముందుగా తేల్చుకోకపోతే చెక్‌పోస్టు దగ్గర పిల్లాజెల్లాతో నిలబడి వాదించుకోవలసి వస్తుంది. కడప నుంచి వెళ్లేవారికి కృష్ణగిరి వైపు తమిళనాడు పన్ను ఒక్కటే. అనంతపురం నుంచి బెంగళూరు మీదుగా హొగెనక్కల్ వెళ్లే బండికి కర్ణాటక, తమిళనాడు రెండూ వర్తిస్తాయి కాబట్టి ఆ లెక్క కూడా వేసుకోవాలి. సొంత కారుకు ఈ బాధ లేదు, బీమా, పొల్యూషన్ కాగితాలు, ఫాస్టాగ్‌లో డబ్బు ఉంటే చాలు. ఇక గది బుక్ చేసిన హోటల్‌కు బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఒకసారి ఫోన్ చేసి, జోగ్ అయితే వీక్షణ స్థలం తెరిచి ఉందా అని, హొగెనక్కల్ అయితే ఆ రోజు పుట్టీలు నడిచాయా అని అడగండి. నడవలేదని చెబితే, గది అడ్వాన్సు పోయినా సరే, ప్రయాణాన్ని ఒక వారం వెనక్కి జరపండి.